మచ్చ మధ్యలో నరం

మెదడు స్కాన్‌లో తెల్ల మచ్చ కనిపించినంత మాత్రాన జబ్బేమిటో తేలిపోదు. ఆ మచ్చలో ఇంకా ఏముందో చూడడం ఎంఆర్‌ఐ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది.

రక్తపరీక్షకు వెళ్తే మోచేతి మడతలో వేలితో తడిమి, "నరం దొరకట్లేదండీ, పిడికిలి బిగించండి" అంటుంది నర్సమ్మ. అదే చెయ్యి రెండు రోజులు వరసగా తిమ్మిరెక్కితే "ఎక్కడో నరం నొక్కుకుపోయింది" అంటారు ఇంట్లో పెద్దవాళ్ళు. మొదటి నరంలో పారేది రక్తం. రెండో నరంలో పారేది కబురు. పాఠ్యపుస్తకాలు ఒకదాన్ని సిర అనీ ఇంకోదాన్ని నాడి అనీ విడదీసినా మన నోట్లో రెండూ నరాలే. ఈ కలగాపులగం వల్ల ఎవరికీ పెద్ద నష్టం జరిగినట్టు లేదు. పైగా ఒక జబ్బు విషయంలో మన మాటే అసలు సంగతికి దగ్గరగా ఉంది. ఆ జబ్బులో రెండో రకం నరాన్ని తినే చీడ మొదటి రకం నరం దారినే వస్తుంది.

జబ్బు పేరు మల్టిపుల్ స్క్లీరోసిస్. ఆస్పత్రి వరండాల్లో, రోగుల వాట్సాప్ గ్రూపుల్లో ఎంఎస్.

1863లో రిండ్‌ఫ్లయిష్ అనే జర్మన్ వైద్యుడు ఈ జబ్బుతో చనిపోయినవాళ్ళ మెదడు ముక్కల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. గట్టిపడిన ప్రతి మచ్చకూ నడిమధ్యన ఒక చిన్న రక్తనాళం కనిపించింది. ఆ సంగతి రాసిపెట్టాడు. తర్వాత వచ్చినవాళ్ళు చదివారు, ఔనన్నారు, పక్కన పెట్టారు. బతికున్న మనిషి మెదడులో అర మిల్లీమీటరు సిరను ఎవరు చూడగలరు? చూడలేనిదానితో రోగనిర్ధారణ ఎలా చేస్తారు? నూటయాభై ఏళ్ళు దాటాక ఇప్పుడు ఆ సిరే ఒక సన్నటి గీతగా స్కానర్ తెర మీదికి తిరిగొచ్చింది. 2024లో సవరించిన ఎంఎస్ నిర్ధారణ సూత్రాల్లో దానికి చోటు దొరికింది.

మాయమయ్యే లక్షణాలు

ఈ జబ్బును పట్టుకోవడం ఎందుకంత కష్టమో తెలియాలంటే ఇంగ్లండు రాజు మూడో జార్జి మనవడు ఆగస్టస్ డెస్టే డైరీ ఒక్కటి చాలు. 1822 డిసెంబరులో అతను స్కాట్లండులో ఒక ఆప్తుడి అంత్యక్రియలకు వెళ్ళాడు. అవి ముగిశాక వచ్చిన ఉత్తరాలు విప్పితే అక్షరాలు కనిపించలేదు. పక్కవాళ్ళు చదివి వినిపించాల్సి వచ్చింది. కొన్నాళ్ళకు ఏ వైద్యమూ లేకుండానే చూపు మామూలైపోయింది. తర్వాతి ఏళ్ళలో మళ్ళీ చూపు మసక, ఒక వస్తువు రెండుగా కనబడడం, కాళ్ళలో సత్తువ తగ్గడం, మూత్రం ఆగకపోవడం. ఒకటి వస్తుంది, పోతుంది. ఇంకోటి వస్తుంది, సగమే పోతుంది. చివరికి చక్రాల కుర్చీ. 1848లో చనిపోయేవరకూ ఎందరో వైద్యులు చూశారు గానీ, మొదట్లో మసకబారిన కళ్ళకూ చివర్లో చచ్చుబడిన కాళ్ళకూ ఒకే జబ్బు కారణమని ఒక్కరికీ తట్టలేదు. వాళ్ళను తప్పుపట్టలేం. పారిస్‌లోని సాల్‌పెత్రియేర్ ఆస్పత్రిలో ఝాఁ మార్టిన్ చార్కో ఈ జబ్బుకు రూపురేఖలు గీసి పేరు పెట్టింది 1868లో.

ఇప్పుడు కూడా కథ అలాగే మొదలవుతుంది. సాధారణంగా ఇరవై నుంచి నలభై ఏళ్ళ మధ్య వయసు. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఒక కన్ను మసకబారి, గుడ్డు తిప్పితే నొప్పి. కళ్ళజోడు మార్చుకుంటారు. రెండు వారాల్లో తగ్గిపోతుంది, జోడు పనిచేసిందనుకుంటారు. ఏడాదికి నడుము నుంచి కిందికి మొద్దుబారుతుంది. డిస్కు అంటారు, బి12 సూదులు వేయించుకుంటారు. అదీ తగ్గుతుంది. తగ్గడమే ఇక్కడ అసలు మోసం.

లోపల జరిగేది ఇది. మెదడు నుంచి బయల్దేరే నాడీ తంతువుల మీద మైలిన్ అనే కొవ్వు పొర చుట్టలు చుట్టలుగా ఉంటుంది. చుట్టకూ చుట్టకూ మధ్య కాస్త ఖాళీ. సంకేతం ఆ ఖాళీల దగ్గర మాత్రమే ఆగుతూ, మధ్యలో దూకుతూ పోతుంది. ఆర్టీసీ భాషలో చెప్పాలంటే ఎక్స్‌ప్రెస్ సర్వీసు. సొంత రోగనిరోధక కణాలు దారితప్పి ఆ మైలిన్‌ను తినేస్తే అదే బస్సు పల్లెవెలుగు అయిపోతుంది. ప్రతి చెట్టు దగ్గరా ఆగుతుంది, ఒక్కోసారి అసలు రానే రాదు. ఎండ ముదిరితే మరీ కష్టం. ఒళ్ళు వేడెక్కినప్పుడు మైలిన్ పోయిన తంతువులో సంకేతం మధ్యలోనే ఆగిపోతుంది. 1890లో ఊథాఫ్ అనే జర్మన్ కంటివైద్యుడు ఇది గమనించాడు. ఎంఆర్‌ఐ లేని రోజుల్లో అనుమానం ఉన్న రోగిని వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి, చూపు మసకబారుతుందా, కాళ్ళు తేలిపోతాయా అని చూసేవాళ్ళు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం బయటికి వెళ్తే ఆ పరీక్ష అడక్కుండానే జరిగిపోతుంది.

పందొమ్మిది, ఆపైన నూటపన్నెండు

1981లో లండన్ హామర్‌స్మిత్ ఆస్పత్రి వైద్యులు పదిమంది ఎంఎస్ రోగులకు అప్పటికి కొత్తదైన ఎంఆర్‌ఐ యంత్రంతో మెదడు ఫొటోలు తీశారు. అప్పటికే వాడుకలో ఉన్న సీటీ స్కాన్ ఆ పదిమందిలో కలిపి 19 మచ్చలు చూపించింది. కొత్త యంత్రం ఆ పందొమ్మిదితో పాటు మరో 112 చూపించింది. ఒక జబ్బు మీద మనిషికున్న అవగాహన ఒక్క పరిశోధనా పత్రంతో ఇంతలా తిరగబడడం అరుదు. ఎందుకంటే అందులో చాలా మచ్చలకు రోగి దగ్గర ఏ ఫిర్యాదూ లేదు. తర్వాతి ఏళ్ళలో రోగుల్ని నెలనెలా స్కాన్ చేసి చూస్తే లెక్క ఇంకా తేటపడింది. మనిషికి తెలిసేలా ఒక్కసారి జబ్బు తిరగబెట్టేలోపు మెదడులో అయిదు నుంచి పది కొత్త మచ్చలు గుట్టుగా వచ్చిపోతున్నాయి.

ఎంఎస్ నిర్ధారణకు వైద్యులు ఎప్పుడూ రెండు రుజువులు అడిగేవాళ్ళు. దెబ్బ ఒకచోట కాకుండా పలుచోట్ల తగిలి ఉండాలి. ఒకసారి కాకుండా పలుసార్లు తగిలి ఉండాలి. రెండోది తేలాలంటే ఇంకో దెబ్బ తగిలేదాకా కాచుకుని కూర్చోవడమే మార్గం. ఆ నిరీక్షణను మొదట తగ్గించింది గాడోలినియం అనే లోహంతో చేసిన కాంట్రాస్ట్ మందు. మోచేతి నరంలోకి ఎక్కించిన ఈ మందు మామూలుగా మెదడు లోపలికి పోదు. మెదడు సిరల గోడలు అంత బిగువు. కొత్త మచ్చ దగ్గర మాత్రం ఆ గోడ తెరుచుకుని ఉంటుంది, మందు కారి స్కాన్‌లో వెలుగుతుంది. సగటున మూడు వారాలు గడిస్తే వెలుగు ఆగిపోతుంది. కాబట్టి ఒకే స్కాన్‌లో వెలిగే మచ్చా వెలగని మచ్చా పక్కపక్కన కనిపిస్తే, ఒకటి మొన్నటిది, ఒకటి పాతది. ఇంకో దెబ్బ కోసం ఆగక్కర్లేదు. ఈ వాదాన్ని సూత్రాలుగా మలిచిన 2001 నాటి అంతర్జాతీయ బృందానికి లండన్ క్వీన్ స్క్వేర్‌లో పనిచేసిన న్యూజిలాండ్ వైద్యుడు ఇయాన్ మెక్‌డొనాల్డ్ పెద్ద. అప్పట్నుంచి అవి మెక్‌డొనాల్డ్ సూత్రాలు. 2005, 2010, 2017, 2024లలో సవరించినా పేరు మారలేదు.

నీళ్ళూ, పొరపాట్లూ

ఇంతవరకూ విజయగాథలాగే ఉంది. చిక్కు ఎక్కడంటే, మామూలు ఎంఆర్‌ఐ చూసేది మైలిన్‌ను కాదు, నీటిని. ఒంట్లోని నీటిలో ఉన్న హైడ్రోజన్‌ను భూమి అయస్కాంత శక్తికి సుమారు 60 వేల రెట్లున్న అయస్కాంతంలో నిలబెట్టి, రేడియో తరంగంతో తట్టి, అది తిరిగిచ్చే ప్రతిధ్వనిని వింటుంది. కణజాలం దెబ్బతిన్నచోట నీరు చేరుతుంది. అది తెర మీద తెల్లగా కనిపిస్తుంది. వాపు వచ్చినా తెలుపే, రక్తప్రసరణ తగ్గినా తెలుపే. ఏళ్ళ తరబడి బీపీ ఉన్నవాళ్ళకూ, పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్ళకూ, ఊరికే వయసు పైబడినవాళ్ళకూ మెదడులో తెల్ల చుక్కలుంటాయి.

ఫలితం ఊహించవచ్చు. 2016లో అమెరికాలో ఎంఎస్ ఉందని పొరపాటుగా చెప్పించుకున్న 110 మంది వివరాలు ప్రచురించారు. వాళ్ళలో అందరికంటే ఎక్కువమందికి అసలున్నది పార్శ్వపు నొప్పి. మూడోవంతు మంది పదేళ్ళు, అంతకు మించి లేని జబ్బు పేరు మోశారు. 70 శాతం మంది ఎంఎస్ మందులు వాడారు. నన్నడిగితే 'అధునాతన' స్కానింగు అవసరం ఇక్కడే మొదలైంది. ఇంకా ఎక్కువ మచ్చలు చూడడం ఎవరికీ అక్కర్లేదు. ఉన్న మచ్చల్లో ఏది ఏమిటో చెప్పేది కావాలి.

రిండ్‌ఫ్లయిష్ సిర మళ్ళీ రంగం మీదికి వచ్చింది ఇందుకే. ఎంఎస్‌లో దారితప్పిన కణాలు చిన్న సిర గోడ దాటి మెదడులోకి దిగుతాయి, అక్కణ్నుంచి చుట్టూ పాకుతాయి. మెదడులోని నీటి గదుల పక్కన సిరలు వాటి గోడకు లంబంగా ఉంటాయి కాబట్టి అక్కడి మచ్చలు కోలగా, వేళ్ళు చాపినట్టుంటాయి. 1916లో ఎడిన్‌బరోలో జేమ్స్ డాసన్ వర్ణించాడని రేడియాలజిస్టులు ఇప్పటికీ వాటిని డాసన్ వేళ్ళు అంటారు. బీపీ వల్లో పార్శ్వపు నొప్పి వల్లో వచ్చిన చుక్కల్లో మాత్రం ఇలా నడుమ సిర ఉండడం తక్కువ.

సిరను చూడడానికి కిటుకు ఇనుములో ఉంది. ఆక్సిజన్ ఇచ్చేసి తిరిగొస్తున్న రక్తంలో ఇనుము అయస్కాంతానికి కాస్త లొంగుతుంది. దాని చుట్టుపక్కల సంకేతం చెదిరి నల్లగా పడుతుంది. ఆక్సిజన్ నిండిన ధమనికి ఈ గుణం లేదు. మొదట నాటింగ్‌హామ్ వంటి చోట్ల అయస్కాంత బలం 7 టెస్లాలున్న భారీ స్కానర్ల మీద తెల్లటి మచ్చ మధ్యలో సన్నటి నల్ల గీత స్పష్టంగా కనిపించింది. తర్వాత అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో నీటిని చూపే చిత్రాన్నీ ఇనుమును చూపే చిత్రాన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చే పద్ధతి రూపొందించారు. దాంతో మామూలు ఆస్పత్రుల్లో ఉండే 3 టెస్లా యంత్రం మీద కూడా ఆ గీత దొరికింది. మొదట్లో మొత్తం మచ్చల్లో 40 శాతానికి సిర ఉందా అని లెక్కపెట్టేవాళ్ళు. ఆదివారం ఇస్త్రీ బట్టలు లెక్కపెట్టినంత ఓపికుండాలి దానికి. ఇప్పుడు వాడుకలోకి వస్తున్నది తేలిక లెక్క: కనీసం ఆరు మచ్చల్లో సిర కనిపిస్తే చాలు.

ఆ ఇనుమే ఇంకో గుట్టు విప్పింది. కొన్ని పాత మచ్చల చుట్టూ నల్లటి అంచు ఉంటుంది, చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టు. కాంట్రాస్ట్ మందుకు అవి వెలగవు. పాత లెక్కలో అవి చల్లారిన మచ్చలే. కానీ ఆ అంచు ఇనుము మింగి కూర్చున్న మైక్రోగ్లియా అనే కణాలది. మెదడు కాపలాకని పుట్టిన ఆ కణాలు మచ్చ గట్టు మీద చేరి ఏళ్ళ తరబడి కొరుక్కు తింటూనే ఉంటాయి. వరిపొట్టు కుప్ప పైన బూడిదే కనిపిస్తుంది, చెయ్యి పెడితే కాలుతుంది. అలాంటిది. 2019లో మార్తీనా అబ్సింతా, డానియల్ రైక్ బృందం తేల్చిన సంగతి: ఇలాంటి అంచు మచ్చలు నాలుగు, అంతకు మించి ఉన్నవాళ్ళు నడకలోనూ ఆలోచనలోనూ చిన్న వయసులోనే వెనకబడుతున్నారు. కొత్త దెబ్బలేవీ తగలకుండానే మనిషి ఎందుకు కుంగిపోతాడన్న పాత ప్రశ్నకు ఇక్కడ కొంత జవాబుంది. ఇప్పుడున్న మందుల్లో చాలావరకు కొత్త మచ్చల్ని ఆపుతాయి, ఈ కాలే కుప్పల్ని అంతగా తాకవు.

మిగతా పద్ధతులు చాలానే ఉన్నాయి. మైలిన్ పొరల మధ్య చిక్కుకున్న నీటిని విడిగా కొలిచేది ఒకటి. నీటి అణువులు తంతువు వెంట పారుతున్నాయా అడ్డదిడ్డంగా పారుతున్నాయా అని చూసేది ఇంకోటి. మెదడు పైపొరలోని మచ్చల్ని పట్టే 7 టెస్లా చిత్రాలు మరోటి. మామూలు స్కాన్‌లో నిక్షేపంగా కనిపించే తెల్లపదార్థం నిజానికి నిక్షేపంగా లేదని ఇవన్నీ చెబుతున్నాయి. అయితే చాలావరకు ఇవి పరిశోధనశాలల ఆస్తి.

లక్షణం లేని రోగి

పార్శ్వపు నొప్పికో, బండి మీంచి పడ్డందుకో తల స్కాన్ తీయిస్తారు. దెబ్బ ఏమీ లేదు. కానీ రిపోర్టులో ఎంఎస్‌ను అచ్చుగుద్దినట్టున్న మచ్చలు. మనిషికి ఎన్నడూ చూపు మసకబారలేదు, కాలు తడబడలేదు. 2009లో దీనికొక పేరు పెట్టారు, క్లుప్తంగా ఆర్‌ఐఎస్. జబ్బు స్కాన్‌లో ఉంది, మనిషిలో ఇంకా లేదు. ఇలాంటి 451 మంది వివరాలు కూడగట్టి చూస్తే పదేళ్ళలో 51 శాతం మందికి లక్షణాలు మొదలయ్యాయి. మిగతా 49 శాతం మందికి కాలేదు.

ఈ లెక్క విన్నాక ఎవరైనా ఏం చేస్తారు? చాలాకాలం వైద్యులు చూద్దాం అనేవాళ్ళు. 87 మంది మీద జరిగిన ఒక పరీక్షలో డైమిథైల్ ఫ్యూమరేట్ అనే మాత్ర 96 వారాల్లో మొదటి లక్షణం వచ్చే ముప్పును 80 శాతానికి పైగా తగ్గించిందని 2022 చివర్లో తేలింది. టెరిఫ్లునమైడ్ అనే ఇంకో మాత్రతోనూ అదే దిశలో ఫలితం వచ్చింది. చిన్న పరీక్షలే, నిజమే. అయినా ధోరణి మారింది. 2024 సూత్రాల ప్రకారం సిర గీతలు గానీ, వెన్నునీటిలో రుజువులు గానీ తోడైతే, లక్షణం ఒక్కటీ లేకున్నా కొందరికి నేరుగా ఎంఎస్ అని చెప్పవచ్చు. కంటినాడిని కూడా మచ్చలు వెతికే చోట్లలో చేర్చారు. పలుసార్లు దెబ్బ తగిలిందన్న రుజువు ఇక తప్పనిసరి కాదు.

జబ్బు లక్షణాలకు చాలా ముందే మొదలవుతుందనడానికి రక్తంలోనూ ఆధారాలున్నాయి. కోటిమందికి పైగా అమెరికన్ సైనికుల రక్త నమూనాలను ఇరవై ఏళ్ళు దాచి ఉంచిన భాండాగారం ఒకటుంది. హార్వర్డ్ పరిశోధకులు దాన్ని తవ్వి 2022లో చెప్పిందేమంటే, ఎప్‌స్టీన్-బార్ అనే అతి సాధారణ వైరస్ సోకాక ఎంఎస్ వచ్చే ముప్పు 32 రెట్లు పెరుగుతుంది. నాడులు అరిగినప్పుడు రక్తంలోకి రాలే ఒక ప్రొటీను, రోగికి మొదటి లక్షణం తెలియడానికి ఆరేళ్ళ ముందు నుంచే పెరుగుతోందని అదే భాండాగారం చూపించింది. ఆ ఆరేళ్ళలో ఎప్పుడో తీసిన స్కాన్‌లో మచ్చ ఉండే ఉంటుంది. ఎవరూ తీయరు, అంతే. తీయాలా అంటే, నా మటుకు నాకు ఊళ్ళో అందరికీ తల స్కాన్ తీయడం పిచ్చిపని అనిపిస్తుంది. తెల్ల చుక్కలు దొరికినవాళ్ళందరూ రాత్రిళ్ళు నిద్రపోరు, అందులో చాలామందికి రావాల్సింది ఏమీ ఉండదు.

మన దగ్గర

ఎంఎస్ తెల్లవాళ్ళ జబ్బు, చలిదేశాల జబ్బు అని మన వైద్యులు ఒక తరం పాటు చదువుకున్నారు. ప్రపంచంలో 28 లక్షలకు పైగా ఉన్న రోగుల్లో ఎక్కువమంది ఐరోపా, ఉత్తర అమెరికాల్లో ఉన్న మాట నిజమే. కానీ మంగళూరులో లెక్క తీస్తే లక్షకు ఎనిమిది మందికి పైగా తేలారు. అంతకుముందు దేశమంతటికీ చెప్పుకున్న అంచనా ఒకటి నుంచి మూడు. జబ్బు పెరిగిందా, ఎంఆర్‌ఐ సెంటర్లు పెరిగాయా అంటే రెండో కారణానికే ఎక్కువ మార్కులు వేయాలి.

మన దగ్గర తెల్ల మచ్చను పోల్చడం లండన్‌లో కంటే కష్టం. క్షయ మెదడుకు పాకినా మచ్చే, నాడాపురుగు లార్వాలు చేరినా మచ్చే, శాకాహారుల్లో తరచూ కనిపించే బి12 లోపం వెన్నుపాముకు తగిలినా మచ్చే. వీటికి తోడు ఎన్‌ఎంఓ అనే జబ్బుంది. అదీ కంటినాడినీ వెన్నుపామునూ పడుతుంది, పైకి ఎంఎస్‌లాగే ఉంటుంది. దాన్ని పట్టించే యాంటీబాడీ 2004లో గానీ బయటపడలేదు. పొరపాటున దానికి ఎంఎస్‌లో వాడే ఇంటర్‌ఫెరాన్ సూదులు ఇస్తే జబ్బు ఇంకా ముదురుతుంది. మచ్చ మధ్యలో గీత ఉందా లేదా అన్న ప్రశ్న ఇలాంటిచోట చూపునే కాపాడవచ్చు. ఎన్‌ఎంఓ మచ్చల్లో ఆ గీత అరుదు.

మంచి సంగతేమంటే ఇందుకు కోట్ల రూపాయల 7 టెస్లా యంత్రం అక్కర్లేదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖల్లోని 3 టెస్లా యంత్రాలకు ఇనుమును చూపే చిత్రం తీయడం వచ్చు. మెదడులో రక్తస్రావం వెతకడానికి రోజూ తీస్తూనే ఉన్నారు. కావలసిందల్లా చీటీ రాసే డాక్టరు 'ఎంఎస్ అనుమానం' అని ఒక్క ముక్క రాయడం, పొరలు సన్నగా కోసేలా యంత్రాన్ని సరిచేయడం, చూసే రేడియాలజిస్టుకు తీరిక. మూడోదే అరుదు. రోజుకు పదుల కొద్దీ కేసులు చదివే మనిషి ఒక్కో మచ్చనూ పెద్దది చేసి నడుమ గీత వెతకాలి. ఈ లెక్కింపును కంప్యూటర్‌కు అప్పజెప్పే ప్రయత్నాలు జోరుగా సాగుతున్నాయి.

వికలాంగుల హక్కుల 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఎంఎస్ ఒకటి. దాంతో ఈ రోగులకు సర్టిఫికెట్ దారి తెరుచుకుంది. కాకపోతే ఆ సర్టిఫికెట్ శాతాల్లో కొలుస్తుంది. నడక, చూపు కొలతకు దొరుకుతాయి. మధ్యాహ్నం మూడు గంటలకు కుర్చీలోంచి లేవనివ్వని అలసట దొరకదు. స్కాన్‌కూ దొరకదు ఆ మాటకొస్తే. మెదడంతా మచ్చలున్నా ఉద్యోగాలు చేసేవాళ్ళున్నారు, వెన్నుపాములో ఒకే ఒక్క మచ్చతో మంచం పట్టినవాళ్ళున్నారు.

న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళేటప్పుడు మనవాళ్ళు పాత స్కాన్ తీసుకెళ్ళడం తక్కువ. నాలుగేళ్ళ కిందట తలనొప్పికని తీయించారు, ఏమీ లేదన్నారు, కవరు బీరువా మీద పడుంది. ఆ ఏమీ లేకపోవడానికి ఇప్పుడు విలువ ఉంది. అప్పుడు లేని మచ్చ ఇప్పుడుంటే జబ్బు కదులుతోంది. అప్పుడూ ఇప్పుడూ ఒకేలా ఉంటే డాక్టరు ఆలోచన ఇంకో దారి పడుతుంది. అయితే లైటు పెట్టె మీద తగిలించే నల్ల ఫిల్ము ఈ పనికి చాలదు. ఒక్కో షీటు మీద ఇరవై బొమ్మలు కుదించి వేస్తారు, అర మిల్లీమీటరు సిర అందులో కనిపించే ప్రశ్నే లేదు. కవరు అడుగున ఒక సీడీ ఉంటుంది. ఇల్లు సర్దేటప్పుడు, ఇప్పుడు దీన్ని ఎక్కడ పెట్టి చూస్తాం అని పారేసేది దాన్నే.